పిన్ని తల, రెండు సీసాలు

మార్చి 3
షాంపూల కంపెనీ ల్యాబ్‌లో నా హోదా జూనియర్ కెమిస్ట్. నా పని సముద్రపు నాచు ఉడకబెట్టడం. నాచు సారం కలిపిన కండిషనర్, ఆరో శాంపిల్, ఈ రోజు తయారైంది. చేపల వాసన పోయింది. ఇక కావాల్సింది మనిషి తల. పదిహేను రోజుల్లో తేడా కంటికి కనిపించకపోతే నాచు పని మూసేస్తామని, నన్ను లేబుళ్ల సెక్షన్‌కి పంపుతామని మా ల్యాబ్ హెడ్ మేడమ్ చెప్పేశారు. ఇంత చదువూ సీసాలకి కాగితాలు అంటించడానికా, దేవుడా!

మార్చి 4
పిన్ని తల ఇచ్చింది. అలంకారం కాదు, నిజంగానే తల. కుడివైపుకి నాచు సీసా, ఎడమవైపుకి మామూలు సీసా అని మూడుసార్లు చెప్పాను. కుడి ఎడమలు తెలియని వయసా నాది అని కసిరింది.

మార్చి 11
వాసన బాగుందట. అంతకుమించి నోరు విప్పదు.

మార్చి 18, సాయంత్రం 4
తేడా సున్నా. పిన్నిని ల్యాబ్ కుర్చీలో కూర్చోబెట్టి మేడమ్ రెండు పక్కలా దువ్వారు. రెండూ పట్టులా జారాయి. రెండూ! మేడమ్ నిట్టూర్చారు. నాకు అప్పుడే లేబుళ్ల జిగురు వాసన తగిలింది.

సాయంత్రం 7
ఇంటికొచ్చి చూస్తే, పిన్ని బాత్రూమ్‌లో నాచు సీసా ఖాళీ. మామూలు సీసా నిండుకుండలా తొణక్కుండా కూర్చుంది. నిలదీశాను. మొదటి రోజే కుడివైపు మెత్తబడిందట, ఎడమవైపుని చూస్తే జాలేసిందట. ఒకే తల మీద సవతి తల్లి ప్రేమ ఏమిట్రా అని నన్నే ఎదురడిగింది. సైన్సుకి ఇంత ఘోరమైన ద్రోహం ఇంత ముద్దుగా జరిగినట్టు నేనెక్కడా చదవలేదు. తిట్టబోయి నవ్వేశాను. ఆ నవ్వు చూసి పిన్ని భయపడి మంచినీళ్లు తెచ్చింది.

మార్చి 19
మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, ఆవిడ భాషలో అది నవ్వే. ఇంకో పది రోజులు ఇచ్చారు. ఈసారి జాలి లేని తల కావాలన్నారు. ల్యాబ్‌లో భుజాల దాకా జుట్టున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పిచ్చుక గూడని వెక్కిరించినవాళ్లంతా నా తలవైపు భక్తిగా చూశారు. ఒకే వాసన వేసే రెండు సీసాల మీద కుడి, ఎడమ అని మాత్రమే రాసి ఇచ్చారు మేడమ్. ఏది నాచో కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించేశారు. మా వంశం మీద నమ్మకం పోయిందన్నమాట.

మార్చి 24
కుడివైపు దువ్వెన నిలవడం లేదు. నోరు మూసుకున్నాను.

మార్చి 26
పిన్ని నా ఎడమవైపు చూసి కళ్లు ఒత్తుకుంది. అప్పటినుంచి గడియ వేసుకుని మరీ తల కడుక్కుంటున్నాను.

మార్చి 29
మేడమ్ రెండు పక్కలా దువ్వి, కవరు చింపారు. నాచు, కుడి.
లేబుళ్లు ఎవరైనా అంటించుకోండి. నా కుడి చెవి పైన సముద్రం ఉంది.