నోరా నాయనమ్మ భాష

బెడోక్, సింగపూర్

తమ్ముడు మురహరికి,

నిన్న మా ఇంట్లో భోంచేస్తూ, నా కెనడా కోడలు నోరాని "నీకు మదర్ టంగే రాదా? ఇక పాపకేం నేర్పుతావ్?" అని అడిగి పగలబడి నవ్వావు. ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. తర్వాత వంటింట్లో ఏడుస్తూ నాకు చెప్పింది.

వాళ్లు క్రీ అనే ఆదివాసీలు. నోరా నాయనమ్మని చిన్నప్పుడే అక్కడి ప్రభుత్వం వాళ్లు ఇంట్లోంచి లాక్కెళ్లి దూరపు హాస్టల్ బడిలో పడేశారు. క్రీలో మాట్లాడినప్పుడల్లా కొట్టారు. ఆ భయంతో ఆవిడ కన్నబిడ్డలతో కూడా ఆ భాష మాట్లాడలేదు.

నీ మనవడు "తెలుగు డోంట్ వాంట్ లా" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అంటే ముద్దు పెట్టుకుంటావే, వాణ్ణి ఎవరు కొట్టార్రా?

ఆదివారం వచ్చి నోరాకి క్షమాపణ చెప్పు. నీ ఇంగ్లీషులో నువ్వే చెప్పుకో, నేను సర్దిచెప్పను. అప్పటిదాకా నా గడప తొక్కకు.

అక్క