ఫీజు లేని సీటు

దివిసీమ,
10 నవంబరు 2009

నన్ను ఎత్తుకుని పెంచిన పోతయ్య మావయ్యకు,

రేవతి రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీరు నవ్వుతూ మాట్లాడి చివరికి నా చేతే క్షమాపణ చెప్పించుకుంటారు. అందుకే ఉత్తరం. ఇన్నేళ్లూ మిమ్మల్ని నువ్వు అన్నాను. ఇక నోరు రావడం లేదు.

నిరుడు ఎండాకాలం మీరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కాలేజీ కార్డు వేలాడేసుకుని మన పల్లెకు వచ్చారు. నేను అప్పటికే బందరులో బి.ఎస్సీ. చేరదామని అప్లికేషన్ తెచ్చుకున్నాను. లెక్కల టీచర్ని అవుతానని పల్లెంతా చెప్పుకున్నాను. మీరు దాన్ని తీసి పక్కన పెట్టారు. "టీచరేంటే, ఇంజనీరువైపో. ఎంసెట్‌లో ఏదో ఒక ర్యాంకొస్తే చాలు. ఫీజంతా గవర్నమెంటే కట్టేస్తది. మనోళ్లకి ఇంతకంటే మంచి రోజులొస్తాయా?" అన్నారు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు లేచొచ్చి పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ సంచిలో వేశారు. రసీదు అడిగితే, "నేనే రసీదు" అన్నారు.

గుడివాడ దగ్గర మీ కాలేజీ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్ రోజు వ్యాన్లో కంప్యూటర్లు వచ్చాయి, సాయంత్రానికి అదే వ్యాన్లో వెళ్లిపోయాయి. అదైనా సర్దుకున్నాం. పరీక్షలప్పుడు గవర్నమెంటు డబ్బు ఇంకా విడుదల కాలేదని, మా ఒక్కళ్లకే హాల్ టికెట్లు ఆపారు. "ఫ్రీ సీట్లోళ్లంతా బయటికి రండి" అని గుమాస్తా పేర్లు చదివాడు. మిగతా వాళ్లు లోపల పరీక్ష రాస్తుంటే మేం ఎండలో నిలబడ్డాం. అప్పుడు మీరు వరండాలోకి వచ్చారు. నన్ను చూశారు. చూసి, సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దాటిపోయారు. అది మోగలేదు మావయ్యా. నాకు తెలుసు. ఈ సంగతి అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ రోజే బట్టలు సర్దుకుని వచ్చేశాను. ఈ ఏడాది బి.ఎస్సీ.లో చేరదామని సర్టిఫికెట్లు అడిగితే, నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లమన్నారు. బందరులో అడ్మిషన్లు అయిపోయాయి. కాలేజీకి పిల్లల్ని తెచ్చిపెట్టే మీ తోటి పి.ఆర్.ఓ. ఒకాయన జాలిపడి అసలు మాట చెప్పాడు. చేర్పించిన ఒక్కో పిల్లకూ మీకు కమీషన్ ముడుతుందట. రొయ్యల్ని కిలోకి ఇన్నని కౌంటు చొప్పున అమ్మినట్టు అమ్మారు మమ్మల్ని. వాటిలో నేనూ ఉన్నాను.

ఇరవై మూడో తారీకు సోమవారం బందరు కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో పల్లె పిల్లలం అందరం అర్జీ ఇస్తున్నాం. మమ్మల్ని ఎవరు తీసుకెళ్లారో అందులో రాశాం. మీ పేరు నేనే రాశాను, నా దస్తూరీతో.

ఇట్లు,
రేవతి


గుడివాడ,
16 నవంబరు 2009

చిరంజీవి రేవతికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. చదువుకున్న పిల్లవి కదా, బాగానే తిట్టావు. గవర్నమెంటు డబ్బు ఇవ్వకపోతే అది నా తప్పా? జీతాలివ్వాల్సిన కాలేజీ ఏం చేస్తుంది? మన కులంలో కాలరున్న చొక్కా వేసుకున్న మొదటివాణ్ణి నేను. అది మీ అందరికీ కంట్లో నలుసైంది.

కమీషన్ గురించి రాశావు. నీ పేరు మీద వచ్చింది నేను తినలేదు. మొత్తం తెచ్చి మా అక్క ముత్యాలమ్మ చేతిలో పెట్టాను. ఆ ఏడాది మీ నాన్న వల సముద్రంలో పోయింది, గుర్తుందా? కొత్త వల ఎలా వచ్చిందో మీ అమ్మని అడుగు. అడిగాక కూడా నీకు బందరు వెళ్లే మొహం ఉంటే వెళ్లు. అక్కడ నన్ను ఎవరైనా అడిగితే నేనూ ముత్యాలమ్మ పేరు చెప్పాల్సి వస్తుంది. పల్లెలో మీ అమ్మ తలెత్తుకుని ఎలా తిరుగుతుందో ఆలోచించుకో.

అర్జీలోంచి నా పేరు తీసెయ్యి. నీ ఒక్కదాని సర్టిఫికెట్లు నేను తెచ్చి ఇస్తాను. మిగతావాళ్ల గొడవ నీకెందుకు?

నీ మేలు కోరే
పోతయ్య మావయ్య


దివిసీమ,
30 నవంబరు 2009

పోతయ్య మావయ్యకు,

మీ ఉత్తరం అందింది. అమ్మ చేపలు ఎండబెడుతుంటే పక్కన నిలబడి మొత్తం చదివి వినిపించాను. అమ్మ చేతులు ఆగలేదు.

"నిజమేనా?" అన్నాను.

"నిజమే. తీసుకున్నాను."

"నన్ను అమ్మి వల కొన్నావా?"

"అమ్మాననుకోలేదే. కాలేజీవాళ్లు మంచి పిల్లలకిచ్చే బహుమానమన్నాడు నా తమ్ముడు. సగం నమ్మాను. మిగతా సగం అడగలేదు. వల కావాలి, అందుకని అడగలేదు."

నేను అమ్మను అనరాని మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. తర్వాత రోజుల్లో మా ఇద్దరి మధ్య మాటల్లేవు. అర్జీ మానేద్దామనే అనుకున్నాను. మీరు సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కారు.

సోమవారం పొద్దున నేను పడుకునే ఉన్నాను. అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "బస్సు వెళ్లిపోద్ది, లే" అంది.

"నీ పేరు బయటికొస్తది."

"వాడు చెప్తే వస్తది. నేను చెప్తే నా మాటవుద్ది."

కలెక్టరాఫీసులో మా వంతు వచ్చింది. అధికారి అర్జీ చదివి, పోతయ్య ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది. "నా తమ్ముడండీ. పిల్లల్ని తీసుకెళ్లినందుకు వాడికి డబ్బిచ్చారు. నా పిల్ల తాలూకుది నేనూ తీసుకున్నానండీ. పిల్లకి తెలీదు. నా పేరు కూడా రాసుకోండి," అంది. మన పల్లెవాళ్లంతా వెనకే ఉన్నారు. అందరూ విన్నారు. తిరుగు బస్సులో అమ్మ పక్క సీట్లో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. ఆ సీటు ఖాళీగా ఉంచకూడదని నేను కూర్చున్నాను.

సర్టిఫికెట్లు పట్టి ఉంచే హక్కు కాలేజీకి లేదని ఆ అధికారి అక్కడికక్కడే ఫోన్ చేసి చెప్పారు. గురువారం ఆయన పంపిన ఉద్యోగి మా వెంట ఉండి అందరివీ ఇప్పించాడు. రెండేళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వచ్చే ఏడు బి.ఎస్సీ.లో చేరతాను. స్కాలర్‌షిప్పుకి మళ్లీ పెడతాను. అది మాలాంటి వాళ్ల కోసం ఇచ్చేదే. మీలాంటి వాళ్లు మధ్యలో ఉన్నారని నేనెందుకు వదులుకోవాలి?

మిమ్మల్ని కాలేజీవాళ్లు తీసేశారని తెలిసింది. సంతోషించాలని చూశాను, కుదరలేదు. జాలి కూడా కలగలేదు.

అమ్మ ఒక మాట రాయమంది. మిమ్మల్ని పల్లెకు రావద్దని కాదట. వస్తే ముందు మీరు పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతి ఇంటి గుమ్మం ముందూ నిలబడి, వాళ్లు అనేది వినమంది. తను ఆ పని మొదలుపెట్టింది, సగం ఇళ్లు అయ్యాయి. అవన్నీ తిరిగాకే మా ఇంటికి రమ్మంది. అన్నం పెడుతుందట.

నేను వడ్డించను.

రేవతి