బొటనవేలి పరీక్ష

ఆక్సిజన్ గది సిస్టరమ్మ గారికి, టైలర్ నమస్కారాలు.

ఎనిమిది రోజులుగా రోజూ వచ్చి మీ గదిలో కాసేపు పడుకుని వెళ్తున్నాను. షుగరు వల్ల మానని నా కుడి బొటనవేలి పుండు ఒత్తిడితో పెట్టే ఆక్సిజన్‌కి మానుతుందన్నారు డాక్టరు గారు. అదే నోటితో, ఆక్సిజన్ ఎక్కువైతే ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంటికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే దెబ్బ తగులుతుందని, షుగరువాళ్లకు అది ముందే ఎక్కువని, అందుకే రక్తం తీస్తున్నామని అన్నారు. మందేదో, రోగమేదో నాకు అంతుపట్టలేదు. వేలు పోతే మిషను తొక్కలేను. అందుకని ఒక ఊపిరి పీల్చి, ఒకటి మానేస్తున్నాను.

ఇట్లు, టైలర్
తా.క. మీరు కుట్టమన్న కోటుకు రెండో జేబు కూడా పెట్టి పంపుతున్నాను.

టైలర్ గారికి,

దయచేసి అన్నీ పీల్చండి. ఆ ఒత్తిడిలో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులకే ప్రమాదం. ఆ దెబ్బ హద్దు దాటకుండానే మధ్యమధ్య మాస్కు తీసి మామూలు గాలి ఇస్తున్నాం. మాకు అర్థం కానిది వేరే ఉంది. మీరు వెళ్లేటప్పుడు ఆరిన పుండు మర్నాటికి రక్తంతో వస్తోంది. సోమవారం సర్జన్ గారు వేలు ఉంచాలో తీయాలో తేలుస్తారు.

ఇట్లు, నర్సు
తా.క. కోటు చక్కగా కుదిరింది.

సిస్టరమ్మ గారికి,

నేననుకున్నదే, తుప్పే. ఇంట్లో కూడా ఆక్సిజన్ తగ్గుతుందని కిటికీలన్నీ మూయించాను. మా ఆవిడ మెట్లమీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటోంది. నేనిక మీ గదికి రాను.

ఇట్లు, భయంతో, టైలర్
తా.క. మీరు రోజంతా ఆ గది పక్కనే ఉంటారు. జాగ్రత్త తల్లీ.

టైలర్ గారికి,

మీ రక్తం రిపోర్టు వచ్చింది. దెబ్బ హద్దులోనే ఉంది, దోషి ఆక్సిజన్ కాదు. ఇక్కడినుంచి వెళ్లాక మీరేం చేస్తారో ఒక్కటీ దాచకుండా రాయండి.

ఇట్లు, నర్సు
తా.క. కిటికీలు తెరవండి. మీ ఆవిడ ఫోను చేశారు.

సిస్టరమ్మ గారికి,

దాచడానికేముంది? నేరుగా కొట్టుకెళ్తాను. ఆ పూట వైద్యం పనిచేసిందో లేదో తెలియాలి కదా, ఆ కాలితోనే మిషను తొక్కి చూస్తాను. షుగరు కాలికి నొప్పి తెలియదు. అరగంటకు రక్తం కనపడితే ఇంకా మానలేదన్నమాట. కట్టు కట్టుకుని మర్నాడు మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఇంత నిక్కచ్చి పరీక్ష మీ దగ్గరుందా?

ఇట్లు, టైలర్
తా.క. ఊరికే తొక్కడం దండగని మీ కోటు కుట్టాను. జేబులకే మూడు రోజులు పట్టింది.

టైలర్ గారికి,

మీ ఉత్తరం చదివి డాక్టరు గారు దాన్ని మీ కేసు కాగితాలకు జతచేశారు. ఆ కోటు వేసుకుని మెచ్చుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. సర్జన్ గారు వేలికి నెల గడువిచ్చారు. అందాకా మిషను తొక్కకూడదు, గదికి రావడం మానకూడదు. మీ మాట మీద నమ్మకం లేక మీ ఆవిడ మిషను బెల్టు ఊడదీసి నా చేతికిచ్చారు.

ఇట్లు, నర్సు
తా.క. బెల్టు కోటు రెండో జేబులో ఉంది. సరిగ్గా పట్టింది.