ఎడమ చేతి పిడి

ఏమండీ,

మీ పుట్టినరోజున మీకు నచ్చే కబురు. మీరు ఏరి ఏరి కొన్న పాత సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లలో మిగిలిన ఆ ఒక్కటీ మ్యూజియంకి వెళ్తోంది.

మీరు పోయాక, ఈ దేశపు చట్టం ప్రకారం దాన్ని మనవాళ్లెవరి పేరుకీ మార్చడానికి లేదు. మ్యూజియం వద్దంటే ధ్వంసం చేయించడమే. ఈ ఉదయం మ్యూజియం ఆవిడ వచ్చి, తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, పెదవి విరిచింది. అసలు పిడి తీసేసి ఎవరో ఎడమ చేతికి కొత్తది చెక్కించారని, ఎవరి కోసమో తెలిస్తేనే తీసుకుంటానని అంది. మీది కుడిచేతి వాటం. అదే చెప్పాను.

"అమ్మమ్మా, నువ్వు లెఫ్టీ కదా, జస్ట్ పట్టుకో!" అంది మన మనవరాలు సాహితి.

"నోర్ముయ్. ఇన్నేళ్లలో ముట్టనిది ఇప్పుడా?" అంటూనే పట్టుకున్నాను.

వేళ్లన్నీ వాటి వాటి గుంటల్లో కూర్చున్నాయి. నా వంకర చిటికెన వేలికీ చోటుంది!

అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఆదివారం చపాతీ పిండి నా ఎడమ చేతిలో పెట్టి "గట్టిగా పట్టుకో" అన్నారు. ఆ ముద్దని డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయారు. పిండి పాడు చేశారని సాయంత్రం దాకా సాధించాను. మీరు నవ్వారే గాని చెప్పలేదు. షూటింగ్ రేంజ్‌కి రమ్మన్నప్పుడల్లా నేను రానన్నాను కదా, ఇంకేం చెబుతారు!

గాజు పెట్టె కింద నా పేరు రాస్తారట. పిండి సంగతీ రాయమన్నాను. ముద్ద అంటే కుదరదు, రెండు చపాతీల పిండి అని సరిగ్గా రాయమన్నాను.