ఎండిన బోరు పేరెత్తకూడదు

జులై 3

ఈరోజు యూనివర్సిటీలో విదేశీ ఉద్యోగాల మీద వర్క్‌షాప్. ప్లేస్‌మెంట్ సెల్ భరత్‌కుమార్ సార్ మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ ఏ దేశం అని అడిగారు. కెనడా, జర్మనీ, మళ్లీ కెనడా. నా వంతు వచ్చింది. కెన్యా అన్నాను. హాలంతా నవ్వింది.

సార్ కూడా నవ్వారు. ఏమమ్మా అంజలీ, తనకల్లు పిల్లవి, ఈడ కరువు చాలదని ఆడికి పోతావా అని అడిగారు. నేను కూర్చోలేదు. ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నది నీళ్లు వెతకడానికి సార్, నీళ్లు పుష్కలంగా ఉన్న దేశంలో నాతో ఏం పని అన్నాను. మా పక్కనుంచి ఆడవాళ్లు కువైట్‌కి ఇంటిపనికి పోతే ఎవరికీ ఆశ్చర్యం లేదు. నేను భూమిలో నీళ్ల జాడ కొలిచే మీటర్ పట్టుకుని కెన్యా పోతానంటే మాత్రం వింత.

జులై 4

కెన్యానే.

జులై 19

భరత్‌కుమార్ సార్ మంచివాడే, ఒప్పుకోవాలి. దేశం పేరు పట్టుకుని యాలాడొద్దు, ఆడ నీ పని చేస్తాండే మనుషుల్ని పట్టుకో, వాళ్లకు మెయిల్ రాయి, సొంతంగా చేసిన ఫీల్డ్ వర్క్ ఒకటి చూపించు అని పోయిన వారం చెప్పారు. ఉత్తర కెన్యాలో బోర్లు వేయించే ఒక సంస్థకు రాశాను. ఈరోజు జవాబు వచ్చింది. ట్రైనీ పోస్టు ఒక్కటే ఉందట. వచ్చే నెల ఇంటర్వ్యూ!

మీ నాయన సంగతి మాత్రం ఎత్తొద్దు అన్నారు సార్. మా నాయన యేసన్న ఆదివారం చర్చికి పోతాడు. మిగతా రోజులు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట బోరు పాయింటు. పాస్టరుగారు తిట్టీ తిట్టీ అలసిపోయారు. పల్లెటూరి నమ్మకాల గురించి అడిగితే, ప్రజల్లో అవేర్‌నెస్ తెస్తాను అని ఇంగ్లీషులో చెప్పాలట. సార్ ఆ వాక్యం నాతో పదే పదే పలికించారు. నోరు చేదెక్కింది.

జులై 27

ఊళ్లో ఉన్నాను. రామాంజులు మామ తన చేలో బోరు వేయిస్తున్నాడు. నా ఫీల్డ్ వర్క్ ఇదే. నాయన టెంకాయ తూర్పు గట్టున నిలబడింది. నా మీటర్ పడమటి మూల చూపించింది. సదువుకున్న పాప, ఆ మిషన్ మాటే ఇందామప్పా అని మామ నా వైపు మొగ్గాడు. నాయన సరేనని తల ఊపాడు. బోరు లారీకి పూజ చేసి టెంకాయ కొట్టారు.

జులై 28

దుమ్ము. సాయంత్రం దాకా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

జులై 29

లారీ వెళ్లిపోయింది. ఇంకో బోరు వేసే ఓపిక మామకు లేదు. టెంకాయ చెప్పింది నిజమో కాదో కూడా ఎవరికీ తెలియదు.

అసలు సంగతి ఈరోజు బయటపడింది. నా పాయింటు పక్కనే, కంప కింద, బండతో మూసిన పాత బోరు ఉంది. మామ వాళ్ల నాయన వేయించింది. అదీ ఎండిందే. ఊరందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. బోరు వేసే ముందు ఎండిన బోరు పేరెత్తకూడదు, ఎత్తితే కొత్తదీ ఎండిపోతుంది. నేనూ ఈ ఊరి పిల్లనే కదా, అడగాలని నాకూ తట్టలేదు.

నాయన మీద అరిచాను. నాకు తెలుసు పాపా, పూజ కాడ ఆ మాట నోట్లోంచి యెట్ల వస్తాది, నీ పాయింటుకు నేనే అపశకునం పలకాల్నా అన్నాడు. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. మామ ఎదురుపడితే తల దించుకుని వచ్చేశాను.

జులై 30

తల దించుకుంటే నీళ్లు పడతాయా?

పొద్దున్నే నాయన్ని లేపి, ఊళ్లో ఎండిన బోర్లన్నీ చూపించమన్నాను. రానన్నాడు. నేను ఒక్కదాన్నే బయల్దేరితే వెనకే వచ్చాడు. మారెక్క చేను, బయ్యన్న చేను, చర్చి వెనక. ప్రతి బండ దగ్గరా ఇది ఫలానావాళ్ల ఎండిన బోరు అని నాయన చేత పలికించాను. మొదట గొణిగాడు. చర్చి వెనకకు వచ్చేసరికి అరుస్తున్నాడు. అపశకునం పలుకుతున్నామని మారెక్క మన్ను తీసి మా మీద విసిరింది. విసరనీ. మ్యాపు మీద చుక్కలు పెట్టి చూస్తే అన్నీ ఊరికి పడమరే. వాటి వరసలోనే నా పాయింటు.

ఆగస్టు 12

ఇంటర్వ్యూ సార్ రూములోనే, ఆయన ల్యాప్‌టాప్‌లో. కెన్యా నుంచి ఒక మేడమ్. ఫీల్డులో చేసిన తప్పు ఒకటి చెప్పమంది. సార్ ల్యాప్‌టాప్ వెనక నిలబడి, అవేర్‌నెస్ వాక్యం రాసిన అట్ట ఎత్తి పట్టుకున్నారు. నేను అటు చూడలేదు. దుమ్ము గురించి చెప్పాను. టెంకాయ గురించి చెప్పాను, మా నాయన పేరుతో సహా. కొత్త ఊరికి వెళితే నీళ్లు ఎక్కడున్నాయని అడగను, ఎక్కడ పడలేదో అడుగుతాను, అదీ పూజకు ముందే అన్నాను.

వాళ్లు చెప్పకపోతే అని అడిగింది. ముందు మా ఊరి ఎండిన బోర్ల పేర్లు నేను చెబుతాను, తర్వాత వాళ్లే చెబుతారు అన్నాను. ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది.

కాల్ అయిపోగానే సార్ తల పట్టుకున్నారు. కొంప ముంచినావు కదమ్మా అన్నారు. ముంచితే ముంచాను. నా కొంపే కదా.

ఆగస్టు 30

రమ్మన్నారు.

ఊరికొచ్చి నాయనకు చెప్పాను. టెంకాయ తీసుకుని రామాంజులు మామ చేను పడమటి మూలకు పోయాడు. నా ఎండిన బోరుకు మూతేసిన బండ మీద కొట్టాడు. ఎండిన బోరుకు ఎవరూ టెంకాయ కొట్టరు. బండ పక్కకు జరిపి చిప్పలో నిలిచిన టెంకాయ నీళ్లు లోపలికి ఒంపాడు.

ఆ బోరులో పడిన మొదటి నీళ్లు.