షాపులో రెండు వందల ఫ్రేములు

ఫిబ్రవరి 3, సోమవారం

నన్ను గేమింగ్ టీమ్‌లోంచి తీసేస్తారట. పిన్ని కొడుకు, అంటే మా కెప్టెన్, చాలా మర్యాదగా చెప్పాడు. తప్పు నాది కాదట, నా సిస్టమ్‌దట. నిజమే. సెకనుకు నలభై ఫ్రేములు వస్తుంటే బొమ్మ కదలదు, పాకుతుంది. నిన్న నేను గురి పెట్టేలోపు ఎదుటివాడు నన్ను చంపేసి టీ కూడా తాగొచ్చి ఉంటాడు. జనవరిలో కంప్యూటర్ టేబుల్ ముందు గదిలోకి మార్చినప్పటి నుంచీ ఇదే దరిద్రం.

టోర్నమెంట్ మార్చి పదిహేనున. ఈలోగా అప్‌గ్రేడ్ చేస్తే ఉంటాను. లేకపోతే నా చోట్లో పద్దెనిమిదేళ్ళవాడు ఒకడు రెడీగా ఉన్నాడు. నాకు నలభై ఒకటి. ఈ టీమ్ పెట్టిందే నేను. పిన్ని కొడుక్కి మౌస్ పట్టుకోవడం నేర్పిందీ నేనే.

ఫిబ్రవరి 6

ఆఫీసులో బిల్లింగ్ కౌంటర్ వెనక కూర్చుని ప్రాసెసర్ల గురించి చదువుతున్నాను. ఆరు కోర్లా, ఎనిమిది కోర్లా? నేను ఆడే గేమ్‌కి ప్రాసెసరే ముఖ్యమని ఒకడు, కాదు గ్రాఫిక్స్ కార్డే ప్రాణమని ఇంకొకడు. వీడియోల్లో అందరూ అరుస్తూనే చెబుతారు. పెళ్ళిచూపులప్పుడు కూడా నేను ఇంత వాకబు చేయలేదు. ఇంటికొచ్చి ఆ మాట పైకి అంటే, ఆ సంగతి తనకు మొదటి నెలలోనే తెలిసిందన్నాడు మా ఆయన.

ఫిబ్రవరి 8, శనివారం

షాపుకి వెళ్ళాం. కౌంటర్ మీద కుర్రాళ్ళు నా వైపు చూడనే లేదు. బాబు ఏ క్లాసు సార్ అని మా ఆయన్ని అడిగారు. మాకు బాబు లేడు. ఆడేది నేను అని చెబితే ఒకడు నవ్వాపుకోవడానికి కిందికి వంగాడు.

లోపల మెషీన్లు బిగించే ఆయన మాత్రం నవ్వలేదు. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి, దారం కట్టిన కళ్ళద్దాలు. ఏం ఆడతారమ్మా, ఏ మానిటర్ అని నన్నే అడిగాడు. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పాడుచేశాడు. ఇప్పుడే ఏమీ కొనొద్దట. పాత సీపీయూ బాక్స్ ఒకసారి తెస్తే తను చూస్తాడట, అది ఇంకా బాగానే ఆడాలట.

మళ్ళీ అదే పాట. ఆడదానికి ఏం తెలుసన్న మాటకే కాస్త పంచదార అద్దాడు. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, పన్నెండు జీబీల కార్డు అని రాసుకెళ్ళిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఆర్డరు రాసుకున్నాడు.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

కళ్ళద్దాలాయన కొత్త బాక్స్‌లో అన్నీ బిగించి, షాపులోనే నా గేమ్ పెట్టి చూపించాడు. రెండు వందల ఫ్రేములు! సిగ్గు లేకుండా కళ్ళనీళ్ళు వచ్చాయి.

అదే రోజు, సాయంత్రం 5:40

ఇంట్లో నలభై ఐదు.

ఫిబ్రవరి 16

డ్రైవర్లు తీసేసి మళ్ళీ వేశాను. గేమ్ మళ్ళీ ఎక్కించాను. సెట్టింగులన్నీ తిరగేశాను. నలభై ఐదు. షాపుకి ఫోన్ చేస్తే కళ్ళద్దాలాయనే ఎత్తాడు. అంతా విని ఆయన అడిగింది ఒకటే.

"కేబుల్ పైన పెట్టారా, కింద పెట్టారా అమ్మా?"

ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో ప్రింటర్ ఆగినా ప్లగ్గు పెట్టారా మేడమ్ అనే అడుగుతారు. పదిహేనేళ్ళుగా నా మెషీన్ నేనే విప్పి నేనే బిగించుకుంటున్నాను. నాకు కేబుల్ పెట్టడం రాదా? సమాధానం చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. కేబుల్ వంక చూడను కూడా లేదు.

తర్వాత బుర్ర వెలిగింది. షాపులో రెండు వందలు, ఇంట్లో నలభై ఐదు. ప్యాకింగ్ అని బాక్స్ లోపలికి తీసుకెళ్ళాడు కదా. కార్డు మార్చేశాడు.

ఫిబ్రవరి 17

హాఫ్ డే పెట్టి వెళ్ళి కడిగేశాను. ఎనిమిది మంది కస్టమర్ల మధ్య, చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి అన్నాను. దొంగ అని కూడా అన్నాను. కళ్ళద్దాలాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాక్స్ తెమ్మన్నాడు, కార్డు మీద నంబరు అందరి ముందూ చూద్దామన్నాడు. ఓనరు అడ్డొచ్చి, అవసరం లేదన్నాడు. నాకు దణ్ణం పెట్టి, కొత్త కార్డు ఇంటికి పంపిస్తానన్నాడు.

ఫిబ్రవరి 20

కార్డు వచ్చింది. కళ్ళద్దాలాయన్ని పనిలోంచి తీసేశారని తెచ్చినతను చెప్పాడు. మంచి పని అయింది అనుకున్నాను. డైరీలో కూడా అబద్ధం ఎందుకు?

నేనే బిగించాను. నలభై ఐదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మా ఆయనకి కంప్యూటర్ గురించి ఓనమాలు రావు. టేబుల్ వెనక ఊడుస్తూ అడిగాడు. ఒకేలాంటి కన్నాలు పైనొకటి, కింద కొన్ని ఉన్నాయేంటి, పైదానికి వైరు పెట్టి, అంత పెట్టి కొన్నదాన్ని ఖాళీగా ఉంచావేంటి అని.

పైది మదర్‌బోర్డుది. కిందవి కార్డువి. మానిటర్ కేబుల్ పైన పెడితే, కార్డు ఎంత గొప్పదైనా ఊరికే కూర్చుంటుంది. జనవరిలో టేబుల్ మార్చిన రోజు పైన పెట్టింది నేను. షాపు నుంచి తెచ్చిన రోజు అలవాటుగా మళ్ళీ అక్కడే పెట్టిందీ నేనే. అంటే అప్‌గ్రేడ్‌కి ముందున్న పాత కార్డుకి కూడా ఏ రోగమూ లేదు.

కింద పెట్టాను. రెండు వందల పది.

బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 25

ఓనరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నవ్వాడు. కార్డు మారలేదని ఆ రోజే తెలుసట. కొనడానికి వచ్చినవాళ్ళని కొనొద్దని పంపేసే మనిషిని పదకొండేళ్ళు భరించాడట. నా మాట మంచి సమయానికి దొరికిందట. ఆయన్ని మళ్ళీ పనిలోకి పిలవండి అన్నాను. మీ కార్డు బాగా ఆడుతోందిగా, ఇంకెందుకమ్మా అన్నాడు.

దొంగ అన్న పేరు ఆ వీధంతా పాకింది. ఏ షాపూ కళ్ళద్దాలాయన్ని రానివ్వడం లేదు. నాలుగు షాపులూ ఎక్కి తప్పు నాదని చెప్పాను. ఒకచోట, కంప్యూటర్ మీ బాబుదా మేడమ్ అని అడిగారు.

కార్డు తెచ్చినతని దగ్గర ఆయన నంబరు తీసుకున్నాను.

మార్చి 6

నంబరు ఫోన్‌లో ఉంది. తొమ్మిది రోజులు. చెయ్యి రావడం లేదు.

ప్రాక్టీసులో దుమ్ము లేపుతున్నాను. అక్కని చూసి నేర్చుకోండిరా అన్నాడు పిన్ని కొడుకు అందరి ముందూ. ఆ మాట కోసమే కదా ఇంత చేసింది. వింటుంటే నోట్లో చేదు పుట్టింది.

మార్చి 15, శనివారం, ఉదయం 9:10

కళ్ళద్దాలాయనకి ఫోన్ చేశాను. కేబుల్ సంగతీ, ఓనరు సంగతీ అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. ఇప్పుడు ఎన్ని వస్తున్నాయని అడిగారు. రెండు వందల పది అన్నాను.

"మంచి కార్డమ్మా అది" అని పెట్టేశారు.

టీమ్‌లోంచి నా పేరు తీసేయమని పిన్ని కొడుక్కి మెసేజ్ పెట్టాను. వాడు చూసేలోపే డిలీట్ చేశాను. పదింటికి మ్యాచ్.