మండపేట మామ్మ పేరు

రాజోలు,
12-8-2001

తాతయ్యగారికి నమస్కారాలు.

మీ అక్కగారికి, అంటే మా మామ్మకి, పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మండపేట చెల్లెల్ని పిలిపించమంటావా అంటే తల ఊపి ఏడుస్తోంది. అందుకే మీకు మళ్లీ రాయాల్సి వస్తోంది.

కబురు పెట్టడానికని మన బంధువులందరి పేర్లూ నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. మగవాళ్లవి ఐదు తరాల పేర్లు నాన్న గడగడా చెప్పారు. మండపేట మామ్మ దగ్గరికి వచ్చేసరికి, "మండపేట పిన్ని, మండపేట బాబాయి. అంతేనమ్మా. చదువుకున్నావు కదా, నువ్వే కనుక్కో" అన్నారు.

మీరేమో "రైసుమిల్లు పక్కన చెల్లెలి ఇల్లు ఎవరినడిగినా చెప్తారు" అని కార్డు రాశారు. వెళ్లాను. అక్కడ ఎన్ని మిల్లులున్నాయో మీకు తెలియదా? నాలుగో మిల్లు గుమాస్తా నవ్వి, "ఇక్కడున్నోళ్లంతా మండపేటోళ్లేనండీ! పేరు చెప్పండి" అన్నాడు. ఏం చెప్పను? బస్సెక్కి వచ్చేశాను.

ఆమె మీ తోడబుట్టినది. ఆమె పేరు, ఇంటిపేరు, భర్త పేరు రాయండి. పనిలో పనిగా మీ ఇంట్లో మామ్మగారి పేరు కూడా రాయండి. నా పుస్తకంలో ఆమె కాట్రేనికోన మామ్మ అనే ఉంది.

మామ్మ ఎన్నాళ్లుంటుందో డాక్టరుగారు చెప్పలేనన్నారు. పద్దెనిమిదో తేదీ శనివారంలోగా మీ జవాబు అందితే, ఆదివారం నేనే వెళ్లి ఆమెను తీసుకొస్తాను.

మీ మనవరాలు